సక్కుబాయి దూప

పెద్దవూర దాటి సాగర్ వైపు పోతుంటే ఎడమ పక్కన ఒక గుట్ట ఉంది. గుట్ట కింద రాతి బావి. పొద్దుగూకాక ఆ దారిన పొమ్మంటే, మిల్లుల్లో బస్తాలు మోసే మొనగాళ్ళకు కూడా ఉన్నట్టుండి కాళ్ళు నొప్పులు మొదలవుతాయి. నన్ను అడగనే అక్కర్లేదు. నాకు సైకిల్ షాపు ఉంది గానీ ధైర్యం లేదు.

ఆ బావిలో రాత్రిపూట ఒక ఆడమనిషి గిన్నెతో అడుగు గీకుతుందని పేరు.

గీక్... గీక్... కాసేపు ఆగుతుందట. మళ్ళీ — గీక్...

ఆమె సక్కుబాయి. గుట్ట కింది తండాలో బాల్యా పెళ్ళాం. ఒకప్పుడు ఆ గుట్ట మీది చెట్లన్నీ నరికి, బండ్లకెత్తి మిర్యాలగూడ ఇటుక బట్టీలకు తోలారు. గుట్ట గుండు కొట్టించుకున్న తలలా మిగిలింది. ఆ తర్వాత పడిన వాన పడినట్టే ఎర్రగా దొర్లి వాగులోకి పోయేది. వాన వెలిసిన కాసేపటికి వాగులోనూ నీళ్ళు ఉండేవి కావు. బావి ఎండిపోయింది.

కరువు ఎండాకాలంలో సక్కుబాయి తెల్లవారకముందే మెట్లు దిగి, బావి అడుగున చిన్న చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను గిన్నెతో గీకి బిందెలో పోసుకునేది. ఒకనాడు బావి గోడ కూలి ఆమె మీద పడింది. రాళ్ళు తీసి చూస్తే గిన్నె చేతిలోనే ఉంది. అందులో చుక్క నీరు లేదు.

"దూప మీద పోయింది," అన్నారు ముసలోళ్ళు. "దాహం తీరక పోయినోళ్ళు ఊకుండరు."

అంతే. గుట్టెక్కాలంటే ఆ బావి పక్క నుంచే పోవాలి. ఆ దారిన మళ్ళీ గొడ్డలి పోలేదు, మేక పోలేదు. ఏళ్ళు గడిచాయి. గుట్ట మీద ఏం మొలిచిందో, ఏం తిరుగుతుందో చూసిన వాళ్ళు లేరు. చూసే గుండె ఎవరికుంది?

ఎనభై ఎనిమిది అనుకుంటా, వానలు దండిగా పడ్డాయి. వానలు వెలిశాక బావిలో చప్పుడు మారింది. గీకుడు కాదు... గుటకలు. ఎవరో గబగబా మింగుతున్నట్టు. నడుమ నడుమ ఎక్కిళ్ళు.

పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం మొదలుపెట్టారు. తండా నాయక్ ఫూల్‌సింగ్ తేల్చేశాడు. "ఇగ రాళ్ళు పోసి పూడ్సుడే. రేపు పొద్దుగాల ట్రాక్టరొస్తది."

ఇక్కడి నుంచి నాకు బాల్యా చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

ఆ రాత్రి బాల్యాకు కన్ను మూత పడలేదు. బావి పూడిస్తే ఆమె దూప మీదనే రాళ్ళ కింద ఉండిపోతుంది. మళ్ళీ ఎవరూ ఒక చుక్క పోయలేరు. లేచాడు. బోరింగు కొట్టి బిందె నింపాడు. భుజాన పెట్టుకొని బావి దారి పట్టాడు.

దారి దారిలా లేదు. మోదుగ కొమ్మలు ముఖానికి తగులుతున్నాయి. కింద గట్టి రాతినేల ఉండాలి — కాలు మెత్తగా దిగుతోంది. కుళ్ళిన ఆకు, తడి వాసన. తన అడుగు తనకే వినపడటం లేదు.

నెత్తి మీద రెక్కల గాలి కొట్టింది. పొదలో రెండు కళ్ళు మెరిసి ఆరిపోయాయి. పక్కనే ఏదో సరసరా పాకి ఆగింది. ఉడుత కూడా బతకని బోడిగుట్ట మీద ఇన్ని ప్రాణాలు ఎక్కడివి? ఇవన్నీ సక్కుబాయి వెంట వచ్చినవేనేమో...

బావి వచ్చింది.

గుటక్... గుటక్...

"సక్కూ..." బావిలోకి వంగి పిలిచాడు. "సక్కూ... నేనే..."

గుటకలు ఆగిపోయాయి.

చెట్ల మీద కీచురాళ్ళు కూడా ఆగినట్టనిపించింది. ఆ తర్వాత కాళ్ళ కింది నుంచి పొడుగ్గా, చల్లగా — ఒక నిట్టూర్పు.

బాల్యాకు ఒళ్ళంతా ముళ్ళు లేచాయి. "నీళ్ళు తెచ్చిన. తాగు. పిల్లలను జడిపియ్యకు," అని బిందె వంచాడు. ఎండిన రాళ్ళ మీద, లోతున, నీళ్ళు చెళ్ళున పడాలి.

పడలేదు. నీళ్ళు నీళ్ళలో పడ్డాయి. అదీ దగ్గర్లో.

ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు. చీలమండను చల్లటిదేదో చుట్టేసి పట్టుకుంది! కెవ్వుమన్నాడు. చేతిలోంచి బిందె జారింది. రాతి మీద మోగలేదు. తేలుతూ పోయి అవతలి గోడకు తగిలింది.

అప్పుడర్థమైంది. బావి నిండింది. ఆ మెట్టు మీదే కూలబడి, నీళ్ళలో చేతులు పెట్టుకొని, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సంగతి ఇది. దెయ్యం భయంతో ఎవరూ పోకపోయేసరికి మొద్దులు మళ్ళీ చిగురేశాయి. పిట్టలొచ్చి గింజలు రాల్చాయి. రాలిన ఆకును పురుగూ చెదలూ తిని మెత్తటి మన్ను చేశాయి. ఆ మన్ను నానిన గోనెసంచిలా వానను పట్టుకుంది. వేర్ల వెంట, చీమల పుట్టల వెంట నీళ్ళు నెమ్మదిగా కిందికి దిగి బావిలో ఊరాయి. రాతి సందుల్లోని గాలి బయటికి తన్నుకొస్తుంటే అవే గుటకలు, అవే ఎక్కిళ్ళు, అదే నిట్టూర్పు. ముందునాళ్ళ గీకుడు ఏమిటో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

పొద్దున ట్రాక్టరు రాళ్ళతో వచ్చి రాళ్ళతోనే వెనక్కి పోయింది. ఆడవాళ్ళు బిందెలతో ఉరికొచ్చారు. ఫూల్‌సింగ్ బావిలోకి తొంగి చూశాడు. తర్వాత తలెత్తి గుట్ట చూశాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. సండ్ర చెట్లు మంచిగ బలిసినయ్. గొడ్డళ్ళు తీయుండ్రి."

బాల్యా తడి బట్టలతోనే అడ్డం వచ్చాడు.

"లేదని ఎవరన్నరు కాకా? రాత్రి నేను సూసిన. దూప తీరినంక బావిలకెళ్ళి లేసి గుట్టెక్కింది. గుట్ట మీద ఒక్క చెట్టు ముట్టినా నీళ్ళన్నీ మల్ల తాగేస్త అన్నది."

ఫూల్‌సింగ్ తలపాగా సర్దుకొని ఇంటికి పోయాడు. గుట్ట మీద ఈనాటి వరకు గొడ్డలి పడలేదు.

ఇదంతా నా షాపు ముందు కూర్చుని చెప్పాడు బాల్యా. నేను మరీ అంత అమాయకుణ్ణి కాదు కదా. నవ్వుతూ అడిగాను — "గొడ్డళ్ళు ఆపనీకి చెప్పినవ్ గని, నిజంగ సూసినవా బాల్యా?"

బాల్యా నవ్వలేదు. గుట్ట వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"మెల్లగ అడుగు, సైదన్నా... వింటది."