సముద్రం వైపు గది

ఆదివారం సాయంత్రం. అక్కాచెల్లెళ్ళిద్దరూ మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నారు. బయట ముసురు. గోడలు చెమ్మెక్కి, ఉతికిన బట్టలు ఆరక, ఇల్లంతా తడిగుడ్డ కంపు. ఇలాంటప్పుడు ఎండ అన్నమాట చెవిన పడినా ప్రాణం లేచొస్తుంది.

అక్క ఒక లాండ్రీలో బట్టలు బాగుచేస్తుంది. ఊడిన జిప్పులు వేయడం, బిగుసుకున్న నడుములు వదులు చేయడం. పక్కనే ఇస్త్రీ పెట్టె. ఆ ఆవిరి పీల్చీ పీల్చీ ఛాతీ పట్టేసింది. డాక్టరు కాస్త ఎండలో కూర్చోమన్నాడు. ఈ ఊళ్ళో ఎండ ఎక్కడ ఏడ్చింది అని నవ్వేసి ఊరుకుంది కానీ, చెల్లెలు ఊరుకోలేదు. "దీవికి వెళ్దామక్కా" అని పట్టుబట్టింది.

అక్కకి వింతగానే తోచింది. ఆ దీవి పేరెత్తితే చెల్లెలు ఏడవాలి. పెళ్ళయిన కొత్తలో భర్తతో సరదాగా వెళ్ళి, ఒక్కతే తిరిగొచ్చింది. ఈతకు దిగిన మనిషి ఒడ్డుకు రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ అక్క దగ్గరే ఉంటోంది. తల్లి పోయినప్పుడు పాలు మరవని పిల్లని ఎత్తుకుని పెంచిన చేతులే, మళ్ళీ అన్నం కలిపి నోట్లో పెట్టాయి. అలాంటి పిల్ల తన కోసం ఆ గాయాన్ని దాటుకుని వస్తానంటే కాదనడానికి అక్కకి నోరు రాలేదు. లోపల్లోపల మురిసిపోయింది కూడా.

బస ఆ దీవిలోని పాత కోటలోనే. దాన్ని నడిపే పెద్దావిడ మధ్యాహ్నం వీడియోలో గదులన్నీ తిప్పి చూపించింది. సున్నం గోడలు, ఎత్తయిన కిటికీలు, నేలంతా పరుచుకున్న పచ్చటి ఎండ. కోట కథ కూడా చెప్పింది. ఒకప్పుడు అది రాజుల చెర. లోపలున్నవాడి బదులు అతని ఇంటి మనిషి ఎవరైనా వచ్చి, తన నోటితో తను ఉంటానంటే చాలు, వాణ్ణి విడిచిపెట్టేవారట.

"భలే న్యాయం. మా ఇంట్లో అయితే నన్నే తోసేవాళ్ళు" అంది అక్క నవ్వుతూ.

పెద్దావిడ నవ్వలేదు. "మరి మీరు ఏ గదిలో ఉంటారమ్మా?"

"ఆ సముద్రం వైపు గదిలో నేనుంటా."

బయానా ఏమీ అడగలేదు. ఆ మాటే చాలందావిడ. చెల్లెలు అక్క భుజం మీద తలవాల్చి ఎక్కెక్కి ఏడ్చింది. మరిది గుర్తొచ్చాడు కాబోలని అక్క తల నిమిరింది.

ఇప్పుడు చెల్లెలు స్నానానికి వెళ్ళింది. ఆమె ఫోను మోగింది. పెద్దావిడే. అక్క తీసింది. ఇక్కడ దీపాలు వేసి చాలాసేపయింది, గదిలో గుడ్డి బల్బు వెలుగు. అక్కడ మాత్రం... ఎండ నడినెత్తినే ఉంది. మధ్యాహ్నం చూసిన నీడ, చూసిన చోటే ఉంది.

అక్కాచెల్లెళ్ళవి ఒకే అచ్చులో పోసిన మొహాలు. ఆ మసక వెలుగులో పెద్దావిడ పోల్చుకోలేకపోయింది. గొంతు తగ్గించి అంది.

"మీ అక్క మాట పనిచేసిందమ్మా. గది తలుపు తెరుచుకుంది. విడిచిపెట్టేశాం. దారిలో ఉన్నారు."

అక్క ఫోనుని కాస్త దూరంగా పట్టుకుంది.

"అక్కకి ముందే తెలియనివ్వలేదుగా?"

ఫోను ఆగిపోయింది.

అక్క ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పిచ్చి మాటలు అనుకోవాలని చూసింది. ముసలావిడకి మతి చలించిందనుకోవాలని చూసింది. కానీ మధ్యాహ్నపు ఆ ఏడుపు... అది మరిది కోసం కాదు. తన కోసం. ఇంకా బతికుండగానే తన కోసం ఏడ్చేసింది.

చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చింది. అక్క చేతిలో ఫోను చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"నన్నిచ్చి మీ ఆయన్ని విడిపించమన్నావా?"

చెల్లెలు తువ్వాలు తీసి దండెం మీద ఆరేసింది.

"అడుగుతున్నది నిన్నేనే. నన్ను అమ్మేశావా?"

"నీకెవరున్నారక్కా?" చెల్లెలు మెల్లగా అంది. "మొగుడా, పిల్లలా? నువ్వు లేకపోతే ఏడ్చేది నేనొక్కదాన్నే కదా. ఆ ఏడుపేదో నేను ఏడుస్తాను. నాకు ఆయన కావాలి."

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఎవరున్నారట తనకి. ఎవర్ని పెంచడానికి మొగుడూ పిల్లలూ లేకుండా ఉండిపోయిందో, ఆ నోరే అడుగుతోంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, జీవితమంతా పోసి పెంచినది ఇదన్నమాట. అక్కకి భయం తర్వాత వేసింది. ముందు కడుపు తరుక్కుపోయింది.

"నేను రాను" అంది. "పడవెక్కను. ఏం చేస్తావో చెయ్యి."

"నువ్వు రానక్కర్లేదక్కా. నేనుంటానని నీ నోటితో నువ్వే అన్నావుగా."

అప్పుడే వాసన మొదలైంది. తడిగుడ్డ వాసన కాదు. ఉప్పు... నాచు... ఎన్నాళ్ళో నీళ్ళలో నానిన కొయ్య వాసన. ఈ ఊరికి సముద్రం ఎంత దూరమో అక్కకి తెలుసు.

కింద మెట్ల మీద చప్పుడు. అడుగు. ఆగడం. మళ్ళీ అడుగు. ప్రతి అడుగు వెనకా నీళ్ళు కారుతున్న శబ్దం.

చెల్లెలి మొహం విప్పారింది. "వచ్చేశారు" అని గుసగుసగా అంది. దువ్వెన అందుకుని జుట్టు సరిచేసుకుంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. పారిపోవడానికా, పట్టుకోవడానికి ఇంకెవరూ లేకనా, తనకే తెలియదు.

అడుగులు తలుపు ముందు ఆగాయి.

తట్టలేదు. గడప కింద నుంచి నీళ్ళు సన్నగా పాకి లోపలికి వచ్చాయి.

తర్వాత గొంతు. మగగొంతు కాదు.

"అక్కమ్మా... తలుపు తీయవే. చలేస్తోంది."

చెల్లెలి గొంతు అది. చంటిపిల్లగా ఉన్నప్పట్నుంచీ చెల్లెలు తనని అక్కమ్మా అనే పిలిచేది. అక్క ఇప్పటిదాకా ఎందుకు గమనించలేదో... దీవి నుంచి తిరిగొచ్చాక, ఇన్నాళ్ళలో, ఒక్కసారి కూడా ఆ పిలుపు వినలేదు. అయితే ఇన్నాళ్ళూ ఆ చెరలో ఉన్నది...

"నన్నెందుకు వదిలేశావక్కమ్మా? ఎంత పిలిచానో..."

అక్క మెల్లగా తల తిప్పింది. పక్కనున్నదాని మొహంలో మొగుడొచ్చిన సంబరం లేదు. కోపమూ లేదు. ఏమీ లేదు.

"తీయకు" అంది అది.

తన చేతిలో ఉన్న చెయ్యి, ఆ ముసురులో, ఎండలో కాలిన రాయిలా వేడిగా ఉంది.