మెడలేని హంస

కొలకలూరు ధనమ్మగారి చేతిపని అంటే ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. ఆవిడకి చొక్కా బొత్తాం కుట్టడానికే ఒక పూట పడుతుందని కొడుకు బసవేశ్వరరావుకి ఒక్కడికే తెలుసు. ఎందుకంటే ఆ చేతిపనంతా అతనిదే.

బాపట్లలో అగ్రికల్చర్ కోర్సు చదివేటప్పుడు అంటుకుంది ఆ పిచ్చి. కబడ్డీలో కాలు విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. మధ్యాహ్నాలు క్రోషా అల్లుకునే నర్సు రిబ్కాని అదేంటక్కా, ఇదేంటక్కా అని విసిగిస్తుంటే, ఆవిడ ఓ కొక్కెం సూదీ, దారపు ఉండా చేతిలో పెట్టి నోరు మూయించింది. మొదట గొలుసు కుట్టు పట్టుబడింది, తర్వాత పువ్వు. కట్టు విప్పేసరికి కాలు బాగైంది, పిచ్చి ముదిరింది. ఇంటికొచ్చాక ఊలు కూడా మొదలెట్టాడు. అతను అల్లిన మఫ్లరు తండ్రి వెంకట్రామయ్య ఎండాకాలంలో కూడా మెడకి చుట్టుకుని, మా ఆవిడ అల్లిందని ఊరంతా తిరిగేవాడు.

ధనమ్మకి మాత్రం ఒకటే బెంగ. మగపిల్లాడు సూది పట్టాడని తెలిస్తే పిల్లనెవరిస్తారు? అందుకని వాడు అల్లినవన్నీ తనవేనని చెప్పి పెళ్ళిళ్ళకి చదివించేది. పెళ్ళి కుదిరిన రోజున ఆ సూది కాలవలో పారేస్తానని కొడుకు చేత ఒట్టు కూడా వేయించుకుంది. వేసిన దగ్గర్నుంచీ పెళ్ళి మాటెత్తితే అతని గుండెల్లో రాయి పడేది.

అరవై తొమ్మిదిలో, వానలు మొదలయ్యే రోజుల్లో, ముగ్గురూ పాసింజరెక్కి రేపల్లె పెళ్ళిచూపులకి వెళ్ళారు. పిల్ల పేరు హైమావతి. కాఫీ అందిస్తూ తల వంచుకోకుండా సూటిగా చూసింది. గ్లాసులో సగం కాఫీ అతని పంచె మీదే పడింది. పిల్ల నచ్చిందా అని వేరే అడగక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే పిల్ల పిన్ని కనకదుర్గ గూట్లో ఉన్న రేడియో చూపించి, దాని మీది కవరు మా హైమ అల్లిందేనండి అంది.

తల్లీకొడుకులు చూశారు. ఆ కవరు మీద ఓ హంస ఉంది. దానికి మెడ లేదు. పోయినేడు ఈ వీధిలోనే దూరపు చుట్టాల పెళ్ళికి ధనమ్మ చదివించిన కవరది. పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు ఎరువు తెచ్చుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కనకదుర్గ ఇంకో అడుగు ముందుకేసి చేతిపని కూడా ఎరువు తెచ్చింది.

మీ పిల్లది కాదంటే మరి ఎవరిదో చెప్పాలి. నాదేనంటే, ఏదీ ఓ పువ్వు అల్లి చూపించమంటారు. ధనమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

పిల్ల తండ్రి నరసింహారావు, పిల్లలు ఓ మాట మాట్లాడుకుంటారని పెద్దవాళ్ళని నిమ్మచెట్లు చూపించడానికి పెరట్లోకి తీసుకెళ్ళాడు. వాళ్ళటు వెళ్ళగానే హైమావతి గొంతు సవరించుకుంది.

"ఆ కవరు నాది కాదండి. పక్కింటిది. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అబద్ధం మీద పెళ్ళి చేసుకోవడం నాకిష్టం లేదు."

అతని ప్రాణం లేచొచ్చింది. తనూ చెప్పేద్దామనుకున్నాడు. ఒట్టు గుర్తొచ్చి నోరు పెగల్లేదు. ఆ మౌనం చూసి, అల్లికలు రావని మొహం చిట్లించాడనుకుంది హైమావతి. ఆమెకి ఒళ్ళు మండింది.

"అయినా అబద్ధమాడేటప్పుడు మంచిది తేవద్దాండి మా పిన్ని? అది హంసో, పొదుగుతున్న కోడిపెట్టో తెలీట్లేదు. అల్లినావిడెవరో గాని కళ్ళు మూసుకుని అల్లింది."

సూది పారేయమన్నా ఊరుకున్నాడు గాని, ఈ మాట పడలేకపోయాడు.

"కళ్ళు మూసుకునేం కాదు. దారం అయిపోయింది. తెనాలంతా తిరిగినా ఆ రకం మళ్ళీ దొరకలేదు. ముందు ఆ రెక్కలు చూసి మాట్లాడండి."

అన్నాక గాని తనేమన్నాడో తెలిసిరాలేదు. హైమావతి అతని వేళ్ళకేసి చూసింది, హంసకేసి చూసింది, మళ్ళీ వేళ్ళకేసి చూసింది.

"మీరా?" అని ఫక్కున నవ్వింది.

బయట చినుకులు పడి పెద్దవాళ్ళు పరుగున గుమ్మంలోకొచ్చి ఆగారు. అతను వాళ్ళని చూశాడు, అయినా ఆగలేదు.

"నవ్వితే నవ్వండి. పెళ్ళి కుదిరితే సూది కాలవలో పారేస్తానని అమ్మకి ఒట్టేశాను. నావల్ల కాదండి. అదీ మీకు తెలియాలి."

హైమావతి నవ్వడం మానేసింది.

"పారేస్తే మరి నాకెవరు నేర్పుతారు?" అంది మెల్లగా.

గుమ్మంలో కనకదుర్గ సిగ్గుతో చచ్చిపోతూ, పిల్లకి ఇప్పుడు రాకపోయినా మేం నేర్పిస్తాం వదినగారూ అని గొణిగింది. అందరూ ధనమ్మకేసి చూశారు. ఆవిడ కొంగుతో మొహం మీది చినుకులు తుడుచుకుని, కొడుకు మొహం ఒకసారి చూసింది.

"నాకూ అల్లికలు రావమ్మా. మా ఇంట్లో అల్లేది మావాడే. ఇంటికొకడున్నాడు, చాలదా?"

వెంకట్రామయ్య తడిసిన మఫ్లరు తడుముకుని, "ఇది కూడా వాడిదేనంటావా?" అన్నాడు.

"ఎవరిదైతేనేం, వెచ్చగా ఉందిగా" అంది ధనమ్మ.

పెళ్ళికి పక్కింటివాళ్ళు ఏం చదివించారనుకున్నారు? ఆ కవరే. ఇప్పుడు హంసకి మెడ ఉంది. రంగు కలవలేదు, వంకరలు తిరిగి బారెడు పొడుగుంది. ముహూర్తానికి ముందు హైమావతి పక్కింట్లో చేరి, తనవాళ్ళెవరికీ చెప్పకుండా రాత్రీపగలూ కూర్చుని అల్లిన మొదటి అల్లిక అది. బసవేశ్వరరావు పీటల మీదే దాన్ని వేలితో తడిమి చూశాడు. కుట్లన్నీ తప్పే. ఒక్కటి కూడా ఎవర్నీ విప్పనివ్వలేదు.