వేలిముద్ర పడని అబ్బాయి

"చేతులు చూపించండి."

టైల్స్ పని చేసే అబ్బాయి రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. వేళ్ళ కొనలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె లాయరు దగ్గర అసిస్టెంటు. వీసా చిక్కుల్లో పడ్డ తెలుగువాళ్ళందరినీ లాయరు గారు ఆమె నెత్తినే రుద్దుతారు. వాళ్ళలో ఇంతగా ప్రాణం తీసినవాడు మరొకడు లేడు. సిమెంటు పనిలో వేలిముద్రలు అరిగిపోయి, ఇమిగ్రేషన్ ఆఫీసు మెషీన్ ఇతన్ని ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపింది. ఎవరెవరినో బతిమాలి ఆమె పై శుక్రవారానికి ఇంకో అపాయింట్‌మెంట్ తెచ్చింది. అదీ తప్పితే వీసా పొడిగించరు, పెట్టె సర్దుకోవాల్సిందే.

"సిమెంటు ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. మేస్త్రీ ఊరుకోడండీ..."

"ఆయన సంగతేంటో నేను కనుక్కుంటా."

అతను వద్దు వద్దని చేతులూపాడు. ఆమె వింటేగా! వెంటనే ఫోన్ కలిపింది. స్పీకర్‌లో మేస్త్రీ మొరపెట్టుకున్నాడు.

"వాడికి ఎప్పుడో సెలవిచ్చేశాను తల్లీ! వద్దన్నా వచ్చి పాలిష్ రాయి పట్టుకుని కూర్చుంటున్నాడు. మీరైనా కాస్త గడ్డి పెట్టండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను గోడ మీది క్యాలెండర్‌ను మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

"మీకేమైనా పిచ్చా?"

"ముద్రలు పడిపోతే, ఇక మీ దగ్గరికి రావడానికి నాకేం పనుంటుందండీ?"

ఆమె గొంతు పెంచింది.

"పడకపోతే దేశం నుంచే పంపించేస్తారు! అప్పుడెలా వస్తారు?"

"అంత దూరం ఆలోచించలేదండీ."

దేవుడా అనుకుని తల పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన భయం కేసు పోతుందని కాదని, ఈ మనిషి వెళ్ళిపోతాడనేనని అప్పుడు తెలిసింది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

ఆ రోజు నుంచి ఆఫీసు అవగానే అతని గదికి వెళ్ళి, వేళ్ళకు వాజెలిన్ పట్టించి, గ్లవ్స్ తొడిగేది.

"వదినా, గిన్నెలు కూడా నాతోనే కడిగిస్తున్నాడు" అని రూమ్మేట్ చాడీ చెప్పాడు.

"ఎవరయ్యా నీకు వదిన?" అని కసిరింది గానీ, గిన్నెలు తనే తోమిపెట్టింది.

శుక్రవారం బస్సులో అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. కమ్మీ కూడా ముట్టుకోనివ్వలేదు.

"చెమట పడుతోందండీ."

"నోరు మూసుకోండి."

మెషీన్ ఎర్రగా వెలిగింది. మళ్ళీ ఎర్రగా. మూడోసారి పచ్చగా వెలిగింది, అన్ని వేళ్ళకూ.

బయట వాన పడుతోంది. అతని మొహం మాత్రం వీసా పోయినవాడిలా ఉంది.

"ఆదివారం మా అమ్మ వీడియో కాల్ చేస్తుంది. గడ్డం గీసుకుని మా ఇంటికి రండి" అంది ఆమె.

"ఏం పని మీదండీ?"

"రావడానికి పనే ఉండాలా, మొద్దు మనిషీ?"