హెడ్ వాచ్‌మన్ పెళ్ళి

"హాల్ట్!"

చిలకలూరిపేట శివార్లలో, వృద్ధుల శరణాలయం గేటు ముందు జట్కా దిగిన రెబ్కా ఉలిక్కిపడి ఆగింది. ఎదురుగా ఖాకీ చొక్కా, మెలితిప్పిన మీసం, చంకలో బెత్తం. ఏడేళ్ళు పటాలంలో పనిచేసి వచ్చిన ఆదాం ఆ శరణాలయానికి హెడ్ వాచ్‌మన్. అతని కింద ముగ్గురు వాచ్‌మన్లు, వాళ్ళ కాపలాలో ముప్పై మంది ముసలివాళ్ళు.

"ఎవరు కావాలండీ?"

"నాకెవరూ అక్కర్లేదు. మేనేజరు గారికే నేను కావాలట. కొత్త నర్సుని."

"రమ్మని రాసిన ఉత్తరం చూపించండి."

"ట్రంకుపెట్టెలో అడుగున ఉంది."

"అయితే పెట్టె తెరవండి."

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. అది యాభై ఎనిమిదో సంవత్సరం, ఆషాఢమాసం. పత్తి రైతులంతా మొహం వాచి ఎదురుచూస్తున్న వాన. రెబ్కా రుసరుసలాడుతూ పెట్టె మూత ఎత్తింది. ఆదాం గబగబా గొడుగు విప్పి పెట్టెకు పట్టాడు.

"మనిషి తడుస్తుంటే పెట్టెకా గొడుగు?"

"ఉత్తరం తడిస్తే అక్షరాలు పోతాయండి. మీరు తడిస్తే ఆరతారు."

గేటు దగ్గరున్న వాచ్‌మన్ ఖాదర్ వలి తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. రెబ్కాకి మాత్రం ఒళ్ళు మండింది.

ఆ మంట వారం రోజులుంది. తర్వాత అది వేళాకోళంలోకి దిగింది. శరణాలయంలో చీటీ లేకుండా ఎవరూ గేటు దాటకూడదు.

"హెడ్ గారూ, ఆ గోడ మీద కాకి చీటీ చూపించిందా?" అనేది రెబ్కా.

"దాని పేరు రాసుకున్నానండి," అనేవాడు ఆదాం, బిగుసుకుపోయి.

అలా అంటూనే రోజుకు నాలుగుసార్లు మందుల గది వైపు గస్తీ తిరిగేవాడు. వరండాలో కూర్చుని బియ్యం ఏరే పేరమ్మవ్వకి కళ్ళు మందగించాయి కానీ, ఈ సంగతి మాత్రం స్పష్టంగా కనిపించింది.

"ఏం నాయనా, దొంగలంతా మందుల గది దగ్గరే తిరుగుతున్నారా?" అంది ఒకరోజు. ఆదాం చెవులు ఎండు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్కపెడితే ఒక మనిషి తక్కువయ్యాడు. కోటిలింగం తాత లేడు. పత్తి మిల్లులో నలభై ఏళ్ళు బేళ్ళు కట్టిన మనిషి. ఇప్పుడు డెబ్బయ్యారేళ్ళు. చూపు సరిగా ఆనదు.

మేనేజరు మండిపడుతూ వచ్చాడు. "గేటు దగ్గర ఎవరున్నారు?"

"నేనేనండి," అన్నాడు ఖాదర్ వలి. "అల్లా తోడు, ఆయన గేటు దాటలేదు బాబూ."

"దాటకపోతే గాల్లో ఎగిరిపోయాడా? పొద్దుగూకేలోగా ఆయన కనపడలేదా, రేపట్నించి నువ్వు పనిలోకి రావద్దు!"

పన్నెండేళ్ళుగా ఆ గేటు కాస్తున్న ఖాదర్ వలి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆదాం బెత్తం పట్టుకుని ఆవరణంతా గాలించబోతుంటే రెబ్కా ఎదురొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఖాదర్ వలి తప్పు లేదండీ. మందుల గది వెనక తలుపు నేనే తీశాను. తాతతో మిల్లులో పనిచేసిన స్నేహితుడు పీరుకి జ్వరమట. చీటీ ఇమ్మంటే మేనేజరు గారు కుదరదన్నారు. తాత గంటలో వస్తానన్నాడు. మూడు గంటలైంది."

"రోడ్డు నిండా లారీలు! ఆయనకి ఏమైనా అయితే?"

"తిట్టడం తర్వాత చూద్దురుగానీ, ముందు రండి!"

ఇద్దరూ జట్కా ఎక్కారు. వాన మళ్ళీ మొదలైంది. మిల్లు దారి మళ్ళగానే నల్లరేగడిలో చక్రం కూరుకుపోయింది. ఆదాం దిగి భుజం ఆనించాడు. రెబ్కా కూడా దిగి తోసింది. చక్రం కదిలింది కానీ ఆమె చెప్పు మాత్రం బురదలో ఉండిపోయింది. ఆదాం మోచేతి దాకా చెయ్యి దింపి ఆ చెప్పు పైకి లాగి, గుంటలో నీళ్ళతో కడిగి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"పటాలంలో ఇది కూడా నేర్పుతారా?" అంది రెబ్కా. అంత కంగారులోనూ ఆమె గొంతు మెత్తబడింది.

"లేదండీ. ఇప్పుడే నేర్చుకున్నా."

మిల్లు కూలీల వరస ఇళ్ళలో పీరు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కోటిలింగం గొంతు బయటికే వినబడుతోంది.

"మింగరా పీరూ! ఇంకో రెండు గుక్కలు. నువ్వు తాగందే నేను కదల్ను!"

గంజి గిన్నె పట్టుకుని నులకమంచం మీద కూర్చున్నాడు తాత. గుమ్మంలో ఖాకీ చొక్కా కనిపించగానే అతని మొహం చిన్నబోయింది. "ఒరేయ్ అబ్బాయీ, నేనేమన్నా ఖైదీనా? వీడికి నేను కాక ఎవరున్నారు?"

దారి పొడుగునా కూడబెట్టుకున్న కేకలన్నీ పక్కనపెట్టి, ఆదాం బెత్తం గుమ్మానికి ఆనించాడు. ఈ మనిషిని ఆపడం కాదు, ఈయన వెంట రావడం తన పని అనిపించింది. రెబ్కా పీరు నాడి చూస్తుంటే, తను గిన్నె అందుకున్నాడు. గంజి అయిపోయాకే అందరూ లేచారు.

శరణాలయంలో మేనేజరు ఎదురుచూస్తున్నాడు.

"తప్పు నాదండీ. తలుపు తీసింది నేను," అంది రెబ్కా.

"కాదండీ, ఆ తలుపుకి కాపలా పెట్టనిది నేను. తీసేస్తే నన్ను తీసేయండి," అన్నాడు ఆదాం.

"వెళ్ళింది నేను గదా!" అన్నాడు కోటిలింగం.

"నన్ను కూడా రాసుకో నాయనా," అంది పేరమ్మవ్వ. "చెప్పులు తెచ్చిచ్చింది నేను."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉన్నది ఒక్క తప్పు. దానికి నలుగురు పోటీనా?" అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

ఆదాం అదను చూసి అడిగాడు. "చీటీ బదులు తోడు ఇద్దామండీ. ఎవరు బయటికెళ్ళినా ఒక వాచ్‌మన్ వెంట ఉంటాడు. పూచీ నాది."

మేనేజరు సరేనన్నాడు. ఖాదర్ వలి ఉద్యోగం నిలిచింది. మర్నాడు పీరు దగ్గరికి కోటిలింగాన్ని తీసుకెళ్ళింది అతనే.

పీరు లేచి తిరుగుతున్నాడని తెలిసిన రోజు రెబ్కా గేటు దగ్గరికి వచ్చింది.

"అందరికీ తోడు పంపిస్తున్నారు. ఆదివారం నేను చర్చికి వెళ్ళాలి. నాకు ఎవర్ని పంపుతారు?"

"నేనే వస్తానండి."

"ఈ ఒక్క ఆదివారమేనా?"

ఆదాం బెత్తం ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "అన్ని ఆదివారాలూ. మీకు అభ్యంతరం లేకపోతే సోమవారాలు కూడా."

"మరి మిగతా అయిదు రోజులూ నేను ఒంటరిగా పోవాలా?" అని రెబ్కా పకపకా నవ్వి, వెంటనే తల వంచుకుంది. "మా నాన్నగారిని వచ్చి అడగండి."

రెబ్కా తండ్రి జోసఫ్ ప్రత్తిపాడు చర్చిలో ఉపదేశి. మనిషి సన్నం, గొంతు పెద్దది. రెబ్కా సెలవు పెట్టి ముందు రోజే ఇల్లు చేరింది. మర్నాడు ఆదాం వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఉద్యోగం బాగానే ఉంది, మనిషీ బాగానే ఉన్నావు," అన్నాడు జోసఫ్. "నీ తరఫు మాట్లాడే పెద్దలు ఏరయ్యా?"

ఆదాం తల్లీతండ్రీ అతని చిన్నప్పుడే పోయారు. మిషన్ బోర్డింగులో పెరిగాడు. ఆ మాట చెప్పబోతుంటే వీధిలో లారీ ఆగిన చప్పుడైంది. మేనేజరు ఇప్పించిన పత్తి లారీ. ఖాదర్ వలి వెనక తలుపు దించి, ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టి దింపుతున్నాడు. ముందు కోటిలింగం, తర్వాత పేరమ్మవ్వ, ఆ వెనక మరో పదిమంది. అందరూ ఉతికిన బట్టలు కట్టుకొచ్చారు.

జోసఫ్ నోరు తెరిచాడు. "ఇంతమందా!"

"నడవలేనివాళ్ళని ఆపి వచ్చాం, లేకపోతే ఇంకా ఉండేవాళ్ళం," అంది పేరమ్మవ్వ ఆయాసపడుతూ. "మా వాడికి పిల్లనిస్తావా, ఇవ్వవా? ఇస్తానంటేనే మీ ఇంట మంచినీళ్ళు తాగుతాం. ఎండన పడొచ్చాం, తొందరగా చెప్పు."

జోసఫ్ వాళ్ళందరినీ కలయజూశాడు. ఆదాం వైపు చూశాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి వీధంతా వినబడేలా కేకేశాడు.

"అమ్మాయ్! అందరికీ మంచినీళ్ళు తీసుకురా!"

తలుపు చాటునే నిలబడి ఉన్న రెబ్కా అప్పటికే బిందె చంకనెత్తుకుంది.