ఫ్లాపీలో పట్టని కీర్తన

నాంపల్లి స్టేషన్ వెనక గోడ పక్కన ఏజెంట్ ఆగ్నెస్ శవం దొరికింది. తమ మధ్యలో దూరిన డబుల్ ఏజెంట్ ఎవరో చెప్పమని విదేశీ ముఠా ఆమెను హింసించింది. ఆమె చెప్పలేదు. చంపేశారు. అది 2002 వేసవి. పేపర్లో మాత్రం గొలుసు దొంగల పని అని నాలుగు ముక్కలు రాశారు.

ఆమె భర్త సామ్ సుందర్ కూడా అదే డిపార్ట్‌మెంట్ ఏజెంట్. తుపాకీ ముందు బెదరని మనిషి, ఇప్పుడు ఒంటరిగా కంచం ముందు కూర్చోవడానికి భయపడుతున్నాడు.

చీఫ్ అమరేశ్వరరావు బషీర్‌బాగ్ ఆఫీసుకు పిలిపించాడు.

"మీ ఇంట్లో కంప్యూటర్ ఎక్కడుంది సుందర్?"

"ఇంట్లోనే సార్."

"లేదు. ఆబిడ్స్‌లో ఉంది. పొద్దున నువ్వు బయల్దేరాక మీ మరదలు హార్డ్ డిస్క్ మార్పించడానికి ఇచ్చింది. మేఘమాల కంప్యూటర్స్‌లో."

సుందర్‌కు ఆ షాపు తెలుసు. ముఠా అడ్డా అదే. అప్‌గ్రేడ్ కోసం వచ్చిన మెషీన్లలోని పాత డిస్కుల్ని కాపీ చేసి, పనికొచ్చింది ఏరుకోవడం వాళ్ళ వ్యాపారం.

"అది ఆగ్నెస్‌దని వాళ్ళకు తెలిసిపోయింది. బాస్ స్వయంగా వస్తున్నాడు, మధ్యాహ్నం ఆయన ముందే తెరుస్తారట. డిస్క్‌లో ఏముంది?"

"చివర్లో జ్వరంతో ఇంట్లోనే రిపోర్ట్ టైప్ చేసింది సార్. ముఠాలో ఉన్న మన మనిషి హైందవి పేరుంది అందులో."

"ఆ డిస్క్ తగలబెట్టమన్నాను."

సుందర్ తల దించుకున్నాడు. అదే డిస్క్‌లో ఆగ్నెస్ పాడిన కీర్తన కూడా ఉంది. ఆమె గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. పొద్దున్నే అది వింటే గానీ అతనికి మంచం దిగబుద్ధి కావడం లేదు.

"రెయిడ్ చేస్తే హైందవి బయటపడుతుంది. ఆ పిల్ల బతకాలి, అక్కడే ఉండాలి. వెళ్ళు," అన్నాడు చీఫ్.

కిందికొచ్చి మరదలు యూనీస్‌కు ఫోన్ చేశాడు.

"రేపు అక్క పేరున ఆదరణ కూడిక కదా బావా. వచ్చినవాళ్ళందరికీ అక్క పాట వినిపిద్దామని. పాత డిస్క్ కరకరలాడుతోంది, పాట పోతుందేమోనని భయమేసింది. కొత్తది ఇరవై జీబీ. ఎన్ని పాటలైనా పడతాయన్నాడు షాపతను."

ప్రేమతో చేసిన పని. ఎవర్ని తిట్టాలో సుందర్‌కు తెలియలేదు.

ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, టూల్ బ్యాగ్. యూపీఎస్ మెకానిక్ వేషంలో మేఘమాల మెట్లెక్కాడు. గుమ్మంలో ఓనర్ వంశీధర్ సంచీ తడిమి చూశాడు.

"ఎవరు పిలిచిన్రు భయ్?"

"మేడమ్ పిలిచిన్రు. యూపీఎస్ మొత్తుకుంటుందంట."

"జల్ది కానీ. పోయేటప్పుడు గూడ సంచీ చూపెట్టాలె."

లోపల హైందవి నల్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, ఎర్ర గోళ్ళతో కీబోర్డు వాయిస్తోంది. ముఠాకు ముద్దుల ఏజెంట్. అసలు జీతం డిపార్ట్‌మెంట్‌ది.

"వానొస్తే మొత్తుకుంటదా?" అన్నాడు సుందర్. కోడ్ వర్డ్.

"ఎండకే మొత్తుకుంటోంది." సరైన జవాబు.

బల్ల మీద ఆగ్నెస్ డెస్క్‌టాప్ మూత తీసి ఉంది. లోపల ఒకే కేబుల్‌కు రెండు డిస్కులు. పాత రెండు జీబీది, కొత్త ఇరవై జీబీది. సుందర్ యూపీఎస్ ముందు వంగి గొంతు తగ్గించాడు.

"దీంట్లో నీ పేరుంది."

ఎర్ర గోళ్ళు ఆగిపోయాయి. "డిలీట్ చేస్తాను."

"చేసినా వీళ్ళు తిరిగి లేపుతారు. కాపీ తలకిందులు చెయ్. ఖాళీ డిస్క్‌ను పాతదాని మీదికి ఎక్కించు. ఏమీ మిగలదు."

"ఆగ్నెస్ అక్క తన పాట కూడా ఇందులోనే ఉందని చెప్పేది."

"ఉంది."

ఆమె గబగబా సొరుగులోంచి ఫ్లాపీ తీసింది.

"పట్టదమ్మా. దీంట్లో ఒకటిన్నర ఎంబీ కూడా పట్టదు, పాట నలభై."

"కొత్త డిస్క్ ఫార్మాట్ చేసి దాంట్లో..."

మెట్ల మీద బూట్ల చప్పుడు. వంశీధర్ వెనకే బూడిదరంగు సూటులో విదేశీ బాస్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"షురూ చెయ్ హైందవీ. సార్‌కు టైమ్ లేదు," అని వంశీధర్ ఆయనకు కూల్ డ్రింక్ మూత తీస్తున్నాడు.

ఏ డిస్క్ నుంచి, ఏ డిస్క్‌లోకి అని స్క్రీన్ అడిగింది. హైందవి తలకిందులుగా ఎంచుకుంది. ఎంటర్ మీద వేలు పెట్టి సుందర్ వైపు చూసింది. ఆమెకు బతకాలని ఉంది, అడగడానికి సిగ్గుగా ఉంది. సుందర్ తలూపాడు.

పాత డిస్క్ కరకరలాడుతూ చెరిగిపోసాగింది. పొద్దున పాటకు ముందు రోజూ వినిపించే చప్పుడే అది. సుందర్ బిగించిన స్క్రూనే విప్పి మళ్ళీ బిగించాడు. ఏడిస్తే ఇద్దరూ చస్తారు.

కాపీ ముగిసింది. రెండు డిస్కులూ ఖాళీ.

"పాత డబ్బా సార్. కాపీ మధ్యలోనే డిస్క్ చచ్చింది," అంది హైందవి. ఆబిడ్స్‌లో ఏ షాపులోనైనా రోజూ జరిగేదే. బాస్ వంశీధర్‌ను తన భాషలో తిట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదరణ కూడికలో ప్రార్థన అయ్యాక, యూనీస్ స్పీకర్లు తగిలించి, షాపువాళ్ళు కొత్త డిస్క్‌లో విండోస్ ఎక్కించి తిరిగిచ్చిన కంప్యూటర్ ఆన్ చేసింది. ఎంత వెతికినా పాట లేదు.

"నేనే పోగొట్టాను బావా," అని అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది.

"నీ తప్పు కాదమ్మా," అన్నాడు సుందర్. అంతకు మించి ఒక్క ముక్క చెప్పినా హైందవి ప్రాణానికే ముప్పు.

"ఎన్ని పాటలైనా పడతాయన్నాడు..."

సుందర్ స్క్రీన్ మీద ఖాళీగా కనిపిస్తున్న ఇరవై జీబీ వైపు చూశాడు. ఆ ఒక్క విషయంలో వంశీధర్ అబద్ధమాడలేదు.