మూడో ఇవాన్ మైనపు ముద్ర

“ఆపరేషన్ ట్వెర్,” అన్నారు చీఫ్ సౌందరరాజన్.

రాజపాళయంలో బ్యాండేజీ మిల్లు ఎదుట, టీ కొట్టు పైగదే ఆ రోజు హెడ్‌క్వార్టర్స్.

“చుట్టుపక్కల సీమలన్నీ మింగి మాస్కోను పెద్ద దేశం చేసినాడే మూడో ఇవాన్, ఆయన ముద్ర. అక్కడి మ్యూజియంలో దొంగిలించినారు. ఫారిన్ ముఠా దాన్ని ఇక్కడి బ్యాండేజీ కార్టన్‌లో దాచింది. ఈ మధ్యాహ్నం లారీ ఎక్కితే, దొంగ పేరు మన దేశానికే.”

“ట్వెర్ అంటే?” అంది ఏజెంట్ జయప్రియ.

“మాస్కోను చూసి కుళ్ళిన పక్క రాజ్యం. ఇవాన్ మొదటి పెళ్ళాం అక్కడి పిల్లే. ఆమె చచ్చిపోయినాక రెండో ఆమె వచ్చింది. తర్వాత ట్వెర్‌నీ మింగేసినాడు.”

జయప్రియకు మొదటామె మీద జాలి వేసింది. ఇయర్‌పీస్‌లో తన మొగుడు, ఏజెంట్ ముకుంద్, బయ్యర్ వేషంలో నవ్వుతున్నాడు. మిల్లులో అతని ఎదురుగా ప్యాకింగ్ సూపర్‌వైజర్ జెన్సి. డబుల్ ఏజెంట్. అందగత్తె. ఎవరి పక్షమో చీఫ్‌కే అనుమానం.

“నీలం షర్ట్ మీకు సూపర్‌గా ఉండాది సార్,” అంటోంది జెన్సి.

“మా ఇంట్లో ఎవురూ ఇట్లా చెప్పరు,” అన్నాడు ముకుంద్.

“అది కవర్ కోసమే అమ్మా,” అన్నారు చీఫ్.

“కవర్‌కు ఇంత నవ్వు అక్కరలేదు సార్.”

జయప్రియ మిల్లు యూనిఫాంలో లోపలికి దిగేసరికి లారీ గేటు వైపు కదులుతోంది. పరుగెత్తబోయింది. ముకుంద్ మైకులో జెన్సి గొంతు వినిపించింది.

“అక్కా, లారీలో లేదు. ముద్ర ఉండే పెట్టెకు నేను కొత్త టేపు వేసినా. బ్యాండేజీల క్రిములు చంపే ఆవిరి తగిలితేనే టేపు నల్లబడుతుంది. తెల్ల టేపు కనపడితే మిల్లువాళ్ళు తిరిగి ఆవిరికే పంపుతారు. లారీ ఎక్కకుండా ఆపాలని అట్లా చేసినా. ముద్ర అంటే ఇత్తడిదనుకుంటిని. మైనమని ఈయన ఇప్పుడే చెప్పినాడు.”

అబద్ధం, అంది జయప్రియలోని కుళ్ళు. లారీని దాటించడానికే ఈ నాటకం. కానీ ఆ గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

లారీని వదిలేసి ఆవిరి గదికి పరుగెత్తింది. అక్కడ పనిచేసే వెళ్ళత్తాయి చెయ్యి అప్పటికే వాల్వు మీద ఉంది.

“నిలుపు, అత్తా.”

ఆ చెయ్యి ఆగింది. తెల్ల టేపు పెట్టెలో, పల్చటి కట్టుగుడ్డ మడతల నడుమ, ఎర్రటి మైనపు బిళ్ళ చెక్కుచెదరకుండా ఉంది. గేటు దగ్గర చీఫ్ మనుషులు లారీనీ ముఠానూ పట్టేశారు.

“రిపోర్టులో మెచ్చుకోలు ఎవరికి రాయమంటావు?” అడిగారు చీఫ్.

“జెన్సికే సార్. శానా మంచి ఏజెంట్. ఢిల్లీకి పోస్టింగ్ ఇయ్యండి,” అంది జయప్రియ. “ఈ సాయంత్రం రైలుకే.”