తోవ మీదికి వంగిన కొమ్మ

2013 సెప్టెంబరు పద్నాలుగు, శనివారం. ఆస్ట్రేలియాలోని క్రాన్‌బర్న్ బొటానికల్ గార్డెన్‌లో తెలుగు చర్చి పిక్నిక్. ఆ మధ్యాహ్నం తిన్నది గోంగూర పులిహోర, చల్లారిపోయిన చికెన్ వేపుడు.

తిన్నాక అందరికీ తోట చూపించింది హెలెనా. గుంటూరమ్మాయి. యూనివర్సిటీలో హార్టికల్చర్ చదువుతూ, శనివారాలు అక్కడ వాలంటీర్‌గా చేస్తోంది.

“ఒకప్పుడిక్కడ ఇసుక తవ్వేవాళ్ళు. ఇప్పుడీ తోటలో ఆస్ట్రేలియా మొక్కలే పెంచుతారు.”

“అయితే మల్లెపూలు లేవా?” అన్నాడు బాపట్ల కుర్రాడు నాథన్.

“వాటికింకా వీసా రాలేదండీ!”

అందరూ నవ్వారు. ఆ నవ్విచ్చిన ధైర్యంతో నాథన్, తోవ మీదికి వంగిన కొమ్మ నుంచి పసుపు పూలరెమ్మ తుంచి ఆమెకి అందించాడు.

“మీ జడలోకి.”

హెలెనా ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“ఏంటండీ ఇది?”

“మా బాపట్లలో గోడ దాటి వేలాడే పువ్వు ఎవరైనా...”

“ఈ మొక్క అడవిలో దాదాపు మిగల్లేదు. ఇక్కడ గింజ కడితే మళ్ళీ అడవిలో నాటాలని పెంచుతున్నాం. తోటంటే సెల్ఫీల కోసమనుకున్నారా?”

నాథన్ చెవులు వేడెక్కాయి. చేతిలో రెమ్మని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పిక్నిక్ బస్సు హారన్ కొట్టింది. ఎక్కేస్తే సరిపోయేది. కానీ రేపు ఎవరైనా అడిగితే, జవాబు చెప్పాల్సింది ఆమె. వెనక్కి తిరిగి నర్సరీకి నడిచాడు.

“నేనే తుంచాను, సర్,” అన్నాడు తలదించుకుని.

ముసలి సూపర్‌వైజర్ రెమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. “పూలు తీసేసి కాడలు నాటుదాం. బతకొచ్చు. శనివారాలు ఖాళీనా, మేట్? కలుపు చాలా ఉంది.”

నాథన్ వచ్చాడు, మరుసటి శనివారమూ, ఆ తర్వాతివీ. హెలెనా కనిపిస్తే ఇంకాస్త వంగి కలుపు పీకేవాడు. ఒకరోజు తన శాండ్‌విచ్‌లో సగం అతని పక్కన పెట్టి వెళ్ళిపోయిందామె. అది తినడానికి అతనికి చాలాసేపు పట్టింది.

డిసెంబరులో ఓ శనివారం సాయంత్రం ఆమే చిన్న కుండీ పట్టుకొచ్చింది. అడుగున తెల్లటి వేరు తొంగిచూస్తోంది.

“బతికింది, నాథన్ గారూ.”

అతను చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

“ఆ రోజు... మీరంటే ఇష్టమని చెప్పాలనుకున్నా. అలా పువ్వు తుంచి చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.”

“తెలుస్తోంది. కుండీని జడలో పెట్టుకోలేనుగా మరి?”

“అయితే?”

“రేపు చర్చికి మా నాన్నగారొస్తారు. ఆయనతోనైనా తలెత్తి మాట్లాడండి.”

కుండీని మిగతా మొక్కల మధ్య పెట్టి, రాత్రికని నర్సరీ గాజుషెడ్డు తలుపు చప్పుడు కాకుండా వేసింది హెలెనా.